సైదావలి కుట్టిన బొంత

నాలుగు రోజులుగా సముద్రం పడవల్ని దగ్గరికి రానివ్వడం లేదు. మైపాడులో ఎవరికీ వేట లేదు. వేట లేనప్పుడు మాకు మాటలు కూడా పెద్దగా ఉండవు. రెబెక్కమ్మ టీకొట్టు ముందు బల్లల మీద ఏడెనిమిది మందిమి ఊరికే కూర్చుని ఉన్నాం. పొద్దుటి టీ పొడికే మళ్ళీ నీళ్ళు పోసి మరగబెడుతోందని తెలిసినా ఎవరం అడగలేదు. అడిగే ఓపిక ఉంటే ఇంటికే పోయి పడుకునేవాళ్ళం.

అలాంటి మధ్యాహ్నం ఒక కొత్త మనిషి సైకిల్ నడిపించుకుంటూ ఇసుకలో వచ్చాడు. ఎదురుగాలికి తొక్కలేక దిగినట్టున్నాడు. చెమటకు తడిసిన చొక్కా విప్పి సంచీలో కుక్కి, బనీనుతోనే వచ్చి కూర్చుని టీ అడిగాడు. పేరు గంగాధరం అన్నాడు. చేపల బేరానికి వచ్చినవాడు కాబోలు అనుకుని మేం మళ్ళీ సముద్రం వైపు చూస్తూ కూర్చున్నాం.

సైదావలి సాయిబు మాత్రం కళ్ళు తెరిచాడు. ఆయన మా ఊళ్ళో కొయ్య తరిమెన పట్టేవాడు. మంచం కోళ్ళు, అప్పడాల కర్రలు, బొంగరాలు, ఏదైనా సరే కొయ్యను తిప్పి గుండ్రంగా చెక్కి ఇస్తాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే, కాదనం. నోరు అంతకంటే ఎక్కువ తిరుగుతుంది. ఆయన కోతలన్నీ మాకు కంఠతా వచ్చు, అందుకని మా ముందు కొయ్యాలంటే ఆయనకే విసుగు. కొత్త చెవులు దొరికి చాలా నెలలైంది.

"ఏ ఊరబ్బా మీది?"

"నెల్లూరి పక్క."

"అయితే ఎండాకాలంలో పంచాయతీ సమితి వాళ్ళు పెట్టిన ఎగ్జిబిషను చూసుంటావే. అందులో ఒక బొంత పెట్టినారు, చూసినావా?"

"చూసినా. దాని చుట్టూ జనం బాగా మూగినారు," అన్నాడు గంగాధరం టీ ఊదుకుంటూ.

"దాని మీద ఏం పేరు రాసుండారు?"

"షేక్ సైదావలి, మైపాడు."

సైదావలి గడ్డం నిమురుకున్నాడు. మా వంక చూడకుండా, "అది నేనే," అన్నాడు.

రెబెక్కమ్మ గరిటె పక్కన పెట్టింది. "సాయిబూ, మీ చెల్లెలు పొద్దున నీళ్ళకు పోతా కూడా అడిగింది, సమితి నుంచి ఏదన్నా కబురొచ్చిందా అని. కుట్టు నేర్పే ఉద్యోగం ఇస్తారని ఎవరో అన్నారంట గదా. పాపం, రోజూ అడుగుతుండాది."

"వస్తే చెప్తాలేమ్మా. మనిషితో మాట్లాడుతుంటే మధ్యలో ఏంది?" అని ఆయన కొత్త మనిషి వైపు తిరిగాడు. "అసలు అది ఎట్ట మొదలైందో చెప్తా విను. నాకూ ఓపిక లేదు. అయినా నువ్వు అడిగినావు గాబట్టి చెప్పాల."

అతను అడగలేదు. ఊ కొట్టే పని మా ఊళ్ళో చెంగయ్యది. అతను గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ," అన్నాడు.

"మా ఇంట్లో ఒక మనిషి బొంత కుడతా వేళ్ళన్నీ పొడిపించుకుంటుండాది. ఏడెనిమిది పొరల పాత చీరలు పరిచి కుట్టాలంటే సూది ఊరికే దిగుతుందా? వెనక నుంచి వేలితో నెట్టాల. సూది గుడ్డలోకి పోకుండా వేల్లోకి దిగబడుతుండాది. నేను చూసినా. మా వాళ్ళు ఉదయగిరి నుంచి తెచ్చిన నర్ది చెక్క ముక్క ఒకటుంటే తరిమెనకి బిగించినా. తరిమెనంటే తెలుసునా నీకు? కొయ్యకి తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే అది గిరగిరా తిరుగుతుంది, ఇంకొకరు ఉలి ఆనించి చెక్కుతారు."

"లాగేదెవరు?" అన్నాడు గంగాధరం.

"ఎవరో ఒకరు. తాడు లాగే మనిషి పేరెందుకబ్బా నీకు? విను. ఉలి ఆనించినానంటే పొట్టు చుట్టలు చుట్టలుగా లేచి మోకాళ్ళ మీద పడుతుంది. ఆ చెక్క వాసన ఉండాదే, ఆ కాసేపు ఆకలి గుర్తుకు రాదు, మొన్నటి దిగులు గుర్తుకు రాదు. చెక్క మొదట ఎగుడుదిగుడుగా కొట్టుకుంటుంది, తర్వాత తర్వాత నెమ్మదిస్తుంది, ఆఖరికి అది తిరుగుతుండాదా నిలబడుండాదా అనేది కూడా తెలీదు. అప్పుడు ఆపాల. చేతిలోకి తీసుకుంటే వేలికి తొడిగే అంగుస్తానా. ఇంతే, పచ్చి వక్కంత."

ఇంతవరకూ నిజమే. ఆ అంగుస్తానాను మేమూ చూశాం. అక్కడ ఆపి ఉంటే ఎంత బాగుండేదో. కానీ గంగాధరం తల ఊపాడు. సైదావలికి ఒక్క తల ఊపు చాలు.

"అది ఎంత తేలికంటే, తొడుక్కున్న మనిషి తీయడం మరిచిపొయ్యి అన్నం తినేసింది, నీళ్ళు మోసింది, పడుకుని లేచింది. మూడో రోజు వెతుక్కుంటుండాది అంగుస్తానా యాడ పొయిందని! సరే, దానికి జతగా సూదులు పెట్టుకునే డబ్బీ చెక్కినా. మూతకి మర కూడా చెక్కలోనే కోసినా. ఈ ఉప్పుగాలికి పడవ లంగరే తుప్పు పట్టి రాలిపోతుండాది గదా, నా డబ్బీలో సూదికి మాత్రం మచ్చ పడలా. అంత బిగువు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైంది?" అన్నాడు చెంగయ్య కళ్ళు తెరవకుండా.

"తుప్పు పట్టిన సూదుల్ని తెచ్చి అందులో వెయ్యడం మొదలుపెట్టినారు జనం. రాత్రి వేస్తే తెల్లారేసరికి కొత్తవి! బోగోలు నుంచి ఒకాయన లంగరు తెచ్చినాడు. డబ్బీలో పట్టదయ్యా అంటే వినడే. ఆఖరికి కొనమాత్రం దూర్చుకున్నాడు. ఆ కొన ఇప్పటికీ అద్దంలా మెరుస్తుండాది, పొయ్యి చూడు."

"బోగోలు దాకా పోవాలంటే ఎండగా ఉండాది," అన్నాడు గంగాధరం.

"పోబల్లేదు, నా మాట చాలు. ఇంక బొంత సంగతికి వస్తా. పనిముట్లు ఇంత బాగా కుదిరినాక, కుట్టకుండా ఎట్ట ఉండేది? నేనే కూర్చున్నా."

రెబెక్కమ్మ నిట్టూర్చింది. ఎవరో దగ్గారు. సైదావలి కొంచెం తొందరగా మాట్లాడడం మొదలుపెట్టాడు.

"అంచు నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతా తిరుగుతా మధ్యకి రావాల. వరస పక్కన వరస, వడ్లగింజంత కుట్టు. అంచుకి మా నాయన లుంగీ గళ్ళు. దాని లోపల మా అత్త పచ్చ చీర, బావ పోయినాక ఇంకెవరూ కట్టని ఎర్ర చీర ఒకటుంటే అది నాలుగు మూలలకీ వేసినా. నడిమధ్యన మా అమ్మ నిఖా చీర ముక్క. చిరిగిపొయ్యి చేతికి వస్తుండే గుడ్డ, దాన్ని కూడా నిలబెట్టింది ఆ కుట్టు. దాన్ని కప్పుకుంటే ఇంట్లో పోయినవాళ్ళందరూ పక్కన పడుకున్నట్టు ఉంటుంది."

ఆ ముక్క మాత్రం కోత కాదు. అంత దగ్గరగా చూసినవాడే చెప్పగలడు. చూడడం వేరు, కుట్టడం వేరు, అంతే.

"వెచ్చగా ఉంటుందా?" అన్నాడు గంగాధరం.

"వెచ్చగానా! మార్గశిరంలో మడిచి మూల పెడితే, మా పక్కింటి కోడి దాని మీద గుడ్లు పెట్టి ఊరికి పొయింది. వచ్చేసరికి పిల్లలు! ఆ బొంతకి నలభై చీరలు పట్టినాయి."

"ఇందాక ఏడెనిమిదన్నావే?"

"పొరలు ఏడెనిమిది. చీరలు నాలుగు వందలు. పోయినేడు తుపాను వచ్చింది చూడు, అప్పుడు ఏం చేసినాననుకున్నావు? బొంత తెచ్చి ఊరి మీద పరిచినా. సరుగుడు చెట్లకి నాలుగు మూలలూ కట్టినాం. చుక్క కిందికి దిగలా. వానంతా బొంత మీద పడి ఎగిరిపొయ్యి వెంకటాచలంలో కురిసింది. అక్కడి రైతులు ఇప్పటికీ నాకు వడ్లు పంపిస్తుండారు."

"మాకు ఒక్క గింజా కనపళ్ళేదే," అన్నాడు వెనక నుంచి ఒకడు. నవ్వడానికి ఎవరికీ ఓపిక లేదు.

సైదావలికీ అలుపు వచ్చినట్టే ఉంది. మొహం మీద చెమట పట్టింది. అయినా పరుగెత్తుతున్న బండి మీద కూర్చున్నవాడు మధ్యలో దిగలేడు గదా.

"అదొక లెక్కా అబ్బయా! అసలు పని తర్వాత ఉండాది. ఆ తుపానులోనే పెన్న కట్ట తెగింది. ఇంజనీర్లు వచ్చి తల పట్టుకున్నారు. నేను పొయినా. ఒక తాడిచెట్టు పడిపొయి ఉంటే తరిమెనకి ఎక్కించినా. పది జతల ఎద్దులు తాడు లాగినాయి. చెక్కి చెక్కి సూది చేసినా. దాని బెజ్జంలో నుంచి రెండెడ్ల బండి పోవచ్చు. ఓడలకి కట్టే మోకు తెచ్చి దాంట్లో ఎక్కించి, కట్టకి ఇటు పది కుట్లు, అటు పది కుట్లు. తెగిన చోటు యాడుండాదో ఇప్పుడు వెతికితే దొరకదు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

చెంగయ్య ఈసారి ఊ కూడా కొట్టలేదు.

"కట్టని కుట్టినాక సూదిలో ఇంకా దారం మిగిలుండాది. తిరిగొస్తా చూస్తే ఏముంది? సముద్రం ఊరి మీదికి లేస్తుండాది. నాకు కోపం వచ్చింది. ఇదేం రోజూ గోల అని, ఆ కొస నుంచి ఈ కొస దాకా సముద్రాన్ని ఒడ్డుకేసి కుట్టిపారేసినా! చూడు అటు. తెల్లగా వరసగా కనపడుతుండాది, అది నురగనుకుంటుండావా? నా దారం. అల వస్తుండాది, లాగుతుండాది, వెనక్కి పోతుండాది. కుట్టు తెగితే గదా రావడానికి!"

అందరం అటు చూశాం. చూడకుండా ఉండలేకపోయాం. గంగాధరం కూడా చూశాడు. చూసి, గ్లాసు కింద పెట్టి, సంచీలో నుంచి చొక్కా తీసి దులిపి తొడుక్కున్నాడు. ఖాకీ చొక్కా. జేబు మీద సమితి బిళ్ళ ఉంది.

"అయితే మీరే గదా సైదావలి సాయిబుగారు. మంచిదైంది, ఇల్లు వెతికే పని తప్పింది," అని ఒక పొడుగు కవరు తీశాడు. "నేను సమితి ఆఫీసులో జవాన్ని. మహిళా మండలిలో కుట్టు నేర్పేదానికి ఒక మనిషి కావాల. కుట్టొచ్చిన ఆడవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉండారు, నాకు మాత్రం ఆ బొంత కుట్టిన చెయ్యే కావాల అన్నది మా ఆఫీసరు అమ్మగారు. అయితే ఎగ్జిబిషను కాగితంలో, నా చేతులతో నేనే కుట్టినానని మీరు సంతకం పెట్టుండారు. ఆమెకెందుకో నమ్మకం కలగలా. గంగాధరం, నువ్వు పొయ్యి కనుక్కో, ఆడమనిషి కుట్టినదైతే ఈ ఆర్డరులో పేరు రాసి ఇచ్చేసిరా, నిజంగా ఆయనే కుట్టుంటే వెనక్కి తీసుకురా, కావలి నుంచి వేరే ఆమెని వేస్తాం అన్నది. ఇంక కనుక్కునేదేముంది, మీ నోటితోనే విన్నా." కవరు మళ్ళీ సంచీలోకి పోయింది.

సైదావలి మొహంలో రంగు పోయింది. ఆయన లేచి నిలబడ్డాడు, మళ్ళీ కూర్చున్నాడు.

"ఆగబ్బా. అది నేను కుట్టలా. మా చెల్లెలు కుట్టింది."

"ఇప్పుడేగా నేనే కూర్చున్నానన్నారు?"

"ఏదో మాట వరసకి అన్నా."

"ఏది మాట వరసకి? బొంతా, సముద్రమా?"

"అన్నీ!" అన్నాడు సైదావలి. "అన్నీ మాట వరసకే. నేను ఒక్క కుట్టు కూడా వెయ్యలేదు. అల్లా మీద ఒట్టు."

రెబెక్కమ్మ ముందుకు వచ్చింది. "నిజమే సార్. ఆ బొంత ఆమె కుట్టిందే. ఏడాదిన్నర కుట్టింది, మాకందరికీ తెలుసు."

"ఊరి మనిషి కోసం ఊరివాళ్ళు అట్లాగే చెప్తారమ్మా," అన్నాడు గంగాధరం. అతను కోపంగా లేడు, అలిసిపోయి ఉన్నాడు. "రేపు అమ్మగారు అడుగుతుంది. ఎండాకాలంలో సంతకం ఒకటి, ఇప్పుడు ఒట్టు ఒకటి. నేను దేన్ని నమ్మినానని చెప్పాల?"

సైదావలి తల వంచుకుని కాలివేలితో ఇసుకలో గీత గీశాడు.

"ఆ అమ్మగారు మా ఇంటికొచ్చిన రోజు," అన్నాడు చివరికి, "చెల్లెలు తలుపు వెనక ఉండాది. నేను వసారాలో ఉండా. ఆమె బొంత విప్పి చూసి 'అబ్బ!' అన్నది. నా పనిని చూసి ఎవరైనా అబ్బ అని ఎన్నేళ్ళయిందో నాకు గుర్తులేదు. బొంగరాలు కూడా ఇప్పుడు అంగట్లో రేకువి అమ్ముతుండారు. ఎవరు చేసినారు అని అడిగింది. నేనే అని వచ్చేసింది నోట్లో నుంచి. తలుపు వెనక గాజులు కదిలినాయి, అంతే, చెల్లెలు ఒక్క మాట అన్లేదు. ఆ రాత్రి అన్నం కూడా ఎప్పటిలాగే పెట్టింది. నా తరిమెన తాడు లాగేది కూడా ఆమే. మొగుడు పొయి మా ఇంటికొచ్చిన నాటి నుంచి లాగుతుండాది. నాకు సిగ్గుగా ఉండాదయ్యా. ఆ కాగితం తీసుకుపోవద్దు."

గంగాధరం సంచీ కింద పెట్టాడు. తర్వాత చొక్కా చూసుకున్నాడు. నడుమ గుండీ ఒకటి ఊడిపోయి జేబులో ఉంది.

"ఒక పని చెయ్యండి. ఈ గుండీ కుట్టండి. కుట్టు తెలిసిన చెయ్యా కాదా అనేది నాకు అర్థమవుతుంది. మా నాయన దర్జీ," అంటూ చొక్కా మళ్ళీ విప్పి, గుండీతో పాటు ఆయన చేతికిచ్చాడు.

రెబెక్కమ్మ సూదీ దారం తెచ్చిచ్చింది. మాకు ఇప్పుడు నిజంగా భయం వేసింది. సైదావలికి చేయాల్సింది ఏమీ లేదు, చెడగొడితే చాలు. కానీ మేం ఆయన్ని ఎరుగుదుం. పదిమంది చూస్తుండగా ఒక పని చెడగొట్టడం ఆయన జన్మలో చేసినవాడు కాదు. సూది చేతికి రాగానే ఆయన వెన్ను నిటారైంది. దారం కొస తడి చేసి మొదటిసారికే బెజ్జంలోకి ఎక్కించాడు. కొయ్య మీద గీత తప్పని చెయ్యి అది, మరి ఎక్కదా?

"సాయిబూ," అంది రెబెక్కమ్మ గొంతు తగ్గించి. ఆయన వినలేదు.

గుండీని సరిగ్గా చోటు చూసి పెట్టాడు. సూది కింద నుంచి గుచ్చి పైకి తీశాడు. దారం లాగాడు. దారం మొత్తం గుడ్డలో నుంచి జారి సూదితో పాటు చేతికి వచ్చేసింది. గుండీ ఇసుకలో పడింది.

మళ్ళీ పెట్టాడు. గుచ్చాడు, లాగాడు. మళ్ళీ మొత్తం వచ్చేసింది. మూడోసారి పెదవి కొరుక్కుంటూ, చాలా మెల్లగా, ప్రాణమంతా వేళ్ళలో పెట్టుకుని లాగాడు. దారం కొస గుడ్డ కింద నుంచి పైకొచ్చి గాలికి ఊగింది.

"ఈ దారం బాగలేదు," అన్నాడు సైదావలి.

"దారం బాగానే ఉండాది," అంది రెబెక్కమ్మ. "కొసన ముడి వెయ్యకుండా కుడితే యాడ నిలబడుద్ది?"

ఆయన తలెత్తి ఆమె వైపు చూశాడు. "ముడా? ముడి వెయ్యాలా?"

నటించి అడిగిన మాట కాదు. ఏడాదిన్నర ఎదురుగా కూర్చుని చూశాడు గానీ, చెల్లెలు దారం కొసను వేలికి చుట్టి రెప్పపాటులో జారవిడిచే ఆ ముడి ఆయన కంట ఎన్నడూ పడలేదు. ఆయన మొహం చూసి గంగాధరం చెయ్యి చాపి చొక్కా తీసుకున్నాడు.

"చాలు సాయిబుగారూ. ఇంక అమ్మగారికి ఏం చెప్పాలో నాకు తెలుసు." కవరు తీసి, కాగితం మోకాలి మీద పరుచుకుని, పెన్ను మూత విప్పాడు. "మీ చెల్లెలి పేరు చెప్పండి."

"షేక్ మెహబూబున్నీసా."

"పూర్తి పేరు ఇదేనా?"

"ఇదే. మా అమ్మ పెట్టింది."

మాలో సగం మందికి ఆ పేరు అప్పుడే తెలిసింది. మాకు ఆమె ఎప్పుడూ సాయిబు చెల్లెలే. గంగాధరం రాస్తున్నంతసేపూ సైదావలి పెన్ను వంకే చూస్తూ ఉన్నాడు. రాయడం అయిపోయాక కాగితం తీసుకుని, మడవకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఇంటికి పోవడానికి నాలుగడుగులు వేశాడు కూడా.

కానీ మనిషి మారాలంటే ఒక్క మధ్యాహ్నం సరిపోదు. ఆయన వెనక్కి తిరిగాడు.

"బొంత సంగతి ఒప్పుకున్నా గంగాధరం. గానీ సముద్రాన్ని ఒడ్డుకి కుట్టింది మాత్రం నేనే. అది నిజం."

అప్పుడు చెంగయ్య కళ్ళు తెరిచాడు.

"నిజమే అయ్యుంటుంది సార్," అన్నాడు. "ముడి వెయ్యలేదు గదా. అందుకే రెండుసార్లు ఊడొచ్చి మా గుడిసె ఎత్తుకుపోయింది."